పదకొండో క్లాసులోనే కాలేజీ

సెప్టెంబర్ 22, సోమవారం

హాసిని ఈరోజు కాలేజీకి వెళ్ళింది. వయసు పదహారు.

ఇక్కడ అమెరికాలో పదకొండో క్లాసు పిల్లలకి ఈ వీలుంది. పొద్దున హైస్కూల్లోనే. మధ్యాహ్నం నుంచి కాలేజీలో ఇంగ్లీషు, లెక్కలు. ఆ క్రెడిట్లు రెండు చోట్లా చెల్లుతాయి. ఇలాగే రెండేళ్ళు చదివితే హైస్కూల్ పూర్తయ్యేసరికి డిగ్రీలో సగం అయిపోతుంది. రఘు ప్లాన్. ఏడాదిగా భోజనాల దగ్గర మా ఆయన నోట ఇదే మాట.

స్కూల్ బస్సు కాలేజీకి పోదు. కాబట్టి బస్సు నేనే. డే కేర్‌లో నా డ్యూటీ అవగానే స్కూలుకి వెళ్ళి దాన్ని ఎక్కించుకోవాలి. కార్లోనే పెరుగన్నం తింది. తిని, స్మెల్ వస్తుందేమోనని అద్దం దించింది. వాన జల్లు లోపలికి.

దిగే ముందు — "అమ్మా, నువ్వు లోపలికి రాకు, ఓకే?"

రానన్నాను. కాసేపయ్యాక వెళ్ళాను. బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవద్దా మరి.

సెప్టెంబర్ 24

క్లాసులో అందరూ పెద్దవాళ్ళేనట. పక్కన కూర్చునే టెరీసా సిటీ బస్సు నడుపుతుంది. నర్సు కావాలని ఇప్పుడు చదువుకుంటోంది. నా ఈడే ఉంటుందేమో.

"ఆవిడ అనుకుంది నేను నైన్‌టీన్ అని."

"మరి చెప్పావా?"

"లేదు. ఎందుకు చెప్పాలి?"

నిజమే. ఎందుకు చెప్పాలి...

అక్టోబర్ 3, శుక్రవారం

లెక్కల్లో క్విజ్ అయింది. ఎలా రాశావే అంటే "ఫైన్." ఈ ఫైన్‌కి పదహారు అర్థాలు. సరే, కాలేజీకి ఫోన్ చేశాను.

ఫోన్ తీసినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. పేరు చెప్తే, ఆ పేరుతో స్టూడెంట్ ఉందో లేదో కూడా చెప్పలేనంది. కాలేజీలో చేరాక వయసెంతైనా సరే, మార్కులూ రికార్డులూ ఆ పిల్లవే. పిల్ల సంతకం చేసి అనుమతిస్తే తప్ప మాతో మాట్లాడరు. నేను తల్లిని అన్నాను. ఎక్కువగా తల్లులే ఫోన్ చేస్తారంది.

సాయంత్రం హాసినిని అడిగాను.

"నేను సైన్ చేయను అమ్మా. నీకు తెలియాల్సింది నేను చెప్తాను."

గట్టిగా కూడా అనలేదు. షూస్ విప్పుతూ అంది.

రఘు నవ్వాడు. "కాలేజంటే గట్లనే ఉంటది మాధవీ. మంచిదే గదా, బాధ్యత తెలుస్తది."

అక్టోబర్ 4

పదేళ్ళ క్రితం దీని పాల సీసా మీద పేరు రాసింది నేనే అనుకుంటూ, డే కేర్‌లో ఇంకెవరి పిల్లల సీసాల మీదో పేర్లు రాశాను. పదేళ్ళు కాదు. ఇంకా ఎక్కువే. లెక్క వేయబుద్ధి కాలేదు.

అక్టోబర్ 14, మంగళవారం

సాయంత్రం పై గదిలోంచి హాసిని వయోలా వాయింపు. వయోలిన్ కాదు — ఎన్నిసార్లు సరిదిద్దిందో నన్ను. స్కూల్ ఆర్కెస్ట్రా ఉన్నది పదకొండింటికి. అది అవగానే పరుగెత్తుకుంటూ వచ్చి కారెక్కుతుంది. ఆ కాసేపు మాత్రం బాగా మాట్లాడుతుంది. కండక్టర్ ఏమన్నాడు, చెల్లో వాయించే పిల్ల తప్పు చోట ఎలా మొదలెట్టింది, అందరూ ఎలా నవ్వారు... కాలేజీ దగ్గర పడేకొద్దీ మాటలు తగ్గుతాయి. పార్కింగ్ లాట్‌లోకి తిరిగేసరికి మొహం సర్దుకుంటుంది. పెద్దదైపోతుంది.

అక్టోబర్ 29, బుధవారం

తనే చెప్పింది. లెక్కల మిడ్‌టర్మ్ పోయింది. మామూలుగా కాదు, బాగా. పైగా కాలేజీ గ్రేడు — రేపు ఏ యూనివర్సిటీకి అప్లై చేసినా అది వెంట వస్తుంది, చెరిగిపోదు.

"డాడీకి నువ్వు చెప్తావా?"

"నువ్వే చెప్పు."

చెప్పింది. నేను గిన్నెలు కడుగుతూ చెవి అటే పెట్టాను. రఘు అరవలేదు. లాప్‌టాప్ మూసి, "పేపర్ దేరా చూద్దాం" అన్నాడు. మా రెండోది, తొమ్మిదేళ్ళ చిన్నిని డైనింగ్ టేబుల్ మీదనుంచి దాని బొమ్మలతో సహా ఖాళీ చేయించాడు.

నవంబర్ 2

రోజూ సాయంత్రం తండ్రీ కూతుళ్ళు. త్రికోణమితి. ఆయన తెలుగు మీడియం పదాలు ఆయన నోటికి వస్తాయి, దీనికి ఒక్కటీ తెలీదు. "కర్ణం అంటే?" అని ఆయన అడిగితే, కర్ణుడి కథ గుర్తొచ్చిందేమో, చెవి పట్టుకొని చూపించింది. ఆయన అంతలా నవ్వగా చూసి చాలా రోజులైంది.

నవంబర్ 6, గురువారం

జనవరి క్లాసులకి రిజిస్ట్రేషన్ వచ్చే వారం. కెమిస్ట్రీ అన్నాడు రఘు. అది మూడు భాగాలు, ఒకదాని తర్వాత ఒకటి. జనవరిలో మొదలుపెట్టకపోతే మళ్ళీ సెప్టెంబర్ దాకా ఆగాలి. ప్లాన్ మొత్తం వెనక్కి జరుగుతుంది.

చిక్కేమిటంటే కెమిస్ట్రీ పదిన్నరకి. ఆర్కెస్ట్రా పదకొండుకి.

"ఒక్క సంవత్సరం ఇడిచిపెట్టు రా. ఇంట్ల వాయించుకో."

"వయోలా ఇంట్లో ఒక్కదాన్నే వాయించేది కాదు డాడీ."

"ఎందుకు గాదు?"

హాసిని "ఓకే, చూస్తాను" అంది. ఆయన దాన్ని సరే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

నవంబర్ 13, గురువారం

కార్లో చెప్పింది. సిగ్నల్ దగ్గర, నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేని చోట.

"నేను జియాలజీ తీసుకున్నాను."

"అదేంటి?"

"రాక్స్. భూమి. మధ్యాహ్నం క్లాస్. ఆర్కెస్ట్రాకి ఏం కాదు."

"కెమిస్ట్రీ?"

"తీసుకోలేదు."

సంతకం అక్కర్లేదు, అడగక్కర్లేదు. ఫోన్లో రెండు చోట్ల నొక్కితే అయిపోయిందట. బాధ్యత తెలుస్తుందన్నాడుగా ఆయన.

రాత్రి భోజనాల దగ్గర తనే చెప్పింది. నా చేత చెప్పించలేదు, అది మెచ్చుకోవాలి.

"నాకు జెప్పకుండ ఎట్ల తీసుకుంటవ్?"

"చెప్తున్నాను కదా."

"అయిపోయినంక జెప్పుడు జెప్పుడా? రాళ్ళు చదివి ఏం జేస్తవ్?"

"సైన్స్ క్రెడిట్ వస్తుంది."

"నీ కోసమే గదా హాసీ ఇదంత. టైమ్ సేవ్ అయితది అనే గదా."

"టైమ్ సేవ్ చేసి ఏం చేస్తాం?"

ఆయన దగ్గర చెప్పగలిగిన జవాబు ఒకటుంది. అది మేమిద్దరం పిల్లల ముందు ఎప్పుడూ అనలేదు.

నవంబర్ 14

ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. పప్పు అంతా మిగిలింది.

నవంబర్ 18

లెక్కలు మాత్రం చెప్పించుకుంటోంది. మాటల్లేకుండా. అది కాగితం జరుపుతుంది, ఆయన ఎర్ర పెన్నుతో గీసి తిరిగి జరుపుతాడు. చిన్ని వచ్చి నా చెవిలో — "వాళ్ళు క్వయెట్ గేమ్ ఆడుతున్నారా?"

నవంబర్ 27, థాంక్స్ గివింగ్

ఇది నెమ్మదిగా రాయాలి.

మా పక్క కాంప్లెక్స్‌లో ఉండే సుమతి వాళ్ళు కెనడాలో వాంకూవర్ వెళ్తూ మమ్మల్నీ రమ్మన్నారు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. వీలవదన్నాను. ఏటా అదే మాట. బోర్డర్ దాటాలంటే మాకు కెనడా వీసా కావాలి, పైగా పాస్‌పోర్టుల్లో ఇక్కడి వీసా ముద్రల గడువు ఎప్పుడో అయిపోయింది, తిరిగి వచ్చేటప్పుడు ఏమంటారోనని భయం. ఇక్కడ ఉండొచ్చు. వెళ్ళి రావడమే కష్టం.

ఇంట్లోనే వండాను. పులిహోర, బంగాళాదుంప వేపుడు, చిన్ని కోసం మ్యాక్ అండ్ చీజ్. తింటూ చిన్ని మొదలుపెట్టింది.

"నాకు అమెరికన్ పాస్‌పోర్ట్ ఉంది కదా. నేను సుమతి ఆంటీతో వెళ్ళొచ్చా?"

"నువ్వు పోవచ్చమ్మా" అన్నాడు రఘు.

"మరి అక్క?"

నేను నీళ్ళ కోసం లేచాను. రఘు పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాడు. హాసినే చెప్పింది, పళ్ళెంలోకి చూస్తూ, మామూలుగా, హోంవర్క్ చెప్పినట్టు —

"నేను ఇక్కడ పుట్టలేదు చిన్నీ. నేను వచ్చినప్పుడు నాకు మూడేళ్ళు. నేను డాడీ వీసా మీద ఉన్నాను. ట్వెంటీ వన్ వస్తే అది నాకు ఆగిపోతుంది. గ్రీన్ కార్డ్ లైన్ చాలా పెద్దది, అప్పటికి మన టర్న్ రాదు. సో నేను నా సొంత వీసా తెచ్చుకోవాలి. దొరక్కపోతే వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"ఇండియాకి."

చిన్ని ఆలోచించింది. "నీకు తెలుగు చదవడం రాదు కదా."

ఎవరూ నవ్వలేదు. తర్వాత హాసిని నవ్వింది.

నేను చేతిలో గ్లాసుతో అక్కడే నిలబడ్డాను. దీనికి ఇది తెలియదనుకున్నాం. ఇరవై ఏళ్ళకే డిగ్రీ చేతికొస్తే ఏదో ఒక దారి వెతకడానికి కాస్త వ్యవధి ఉంటుందని — మా ఇద్దరి మధ్యే ఉన్న లెక్క అది. దానికి టైమ్ సేవ్ అని పేరు పెట్టుకున్నాం.

"నీకెవరు జెప్పిన్రు?" రఘు గొంతు చిన్నదైపోయింది.

"ఎవరూ కాదు. ఎయిత్ గ్రేడ్ నుంచి తెలుసు. మీరు కిచెన్‌లో మెల్లగా మాట్లాడతారు. బట్ ఇంగ్లీష్‌లో మాట్లాడతారు డాడీ. వీసా, స్టేటస్, ఏజింగ్ అవుట్. తెలుగులో మాట్లాడితే నాకు సగం అర్థమయ్యేది కాదు."

చిన్ని చీజ్ సాగదీస్తోంది.

"నువ్వు కెమిస్ట్రీ ఎందుకు అంటున్నావో నాకు తెలుసు. నేను ఆర్కెస్ట్రా ఎందుకు అంటున్నానో నువ్వు అడగలేదు."

"ఎందుకు?"

"అక్కడ అందరూ నా ఏజ్."

అంతే. ఇంకేదో చెప్తుందని చూశాను. పులిహోర ఇంకొంచెం పెట్టమంది.

నవంబర్ 28

పొద్దున రఘు గరాజ్‌లో ఉన్నాడు చాలాసేపు. ఏం చేస్తున్నారని వెళ్తే, అట్టపెట్టెలు చదును చేస్తున్నాడు. రీసైక్లింగ్ వచ్చేది సోమవారం.

"నేను దాని మీదికి లొల్లికి పోలే మాధవీ. భయమైతది."

"నాకూ అవుతుంది."

"మనకన్న దానికే ఎక్కువ తెలుసు."

ఒక పెట్టె నేనూ చదును చేశాను.

నవంబర్ 30, ఆదివారం

హాసిని తనంతట తనే వచ్చి చెప్పింది. కెమిస్ట్రీ ఇప్పటికే నిండిపోయిందట, వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టింది. ఎవరైనా మానుకుంటే వరసగా పిలుస్తారు.

"సీటు వస్తే తీసుకుంటవా?" అన్నాడు రఘు.

"వస్తే అప్పుడు చూస్తాను."

ఆయన తల ఊపాడు. నేను గమనించాను — "చూస్తాను" అన్న మాటని ఈసారి సరే అనుకోలేదు ఆయన.

డిసెంబర్ 5

టెరీసాకి నిజం తెలిసిపోయింది. ఇంగ్లీషు క్లాసులో ఆఖరి వ్యాసాలు పైకి చదివించారట, దీని వ్యాసంలో స్కూల్ లాకర్ సంగతి ఉందట. టెరీసా దీన్ని పైనుంచి కిందిదాకా చూసి, "నీకు తొందర, నాకు ఆలస్యం, ఇద్దరం కలిసి ఒకే కామా దగ్గర తప్పు చేస్తున్నాం" అందట. మర్నాడు దీనికోసం కుకీలు తెచ్చింది. చిన్నపిల్లకి తెచ్చినట్టు.

"కోపం వచ్చిందా?"

"లేదు. కుకీస్ బాగున్నాయి."

వ్యాసం ఇంకా దేని గురించో అడిగాను. "క్లాస్ కోసం రాసింది అమ్మా." సరే.

డిసెంబర్ 11, గురువారం

వింటర్ కాన్సర్ట్. రఘు మీటింగ్ వదులుకొని వచ్చాడు. ఆఫీసు బ్యాడ్జ్ మెడలోనే ఉంది, నేను తీసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేశాను.

వయోలాలు కుడివైపు, లోపలికి. హాసిని మూడో వరస. ఎంత చెవి పెట్టినా దీని చప్పుడు విడిగా తెలియదు. చేయి మాత్రం కనపడుతుంది — పక్క పిల్ల చేయి, దీని చేయి, ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి. మధ్యలో ఇద్దరూ ఏదో కళ్ళతో అనుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారు. కాలేజీ పార్కింగ్ లాట్‌లో నేను ఎప్పుడూ చూడని మొహం.

రఘు వీడియో తీయడం మొదలుపెట్టి, కాసేపటికి ఫోన్ జేబులో పెట్టేశాడు.

తిరిగి వస్తూ కార్లో — "మస్తుగుంది."

"థాంక్స్ డాడీ."



డిసెంబర్ 12

పొద్దున కాఫీ తాగుతూ రఘు — "వెయిట్‌లిస్ట్ ఏడి దాక వచ్చింది, అడిగినవా?"

మనిషి మారడు. మారాలని కూడా నాకు లేదు. ఆ భయం ఇద్దరిలో ఒకరికైనా పొద్దున్నే గుర్తుండాలి.

డిసెంబర్ 16, మంగళవారం

గ్రేడ్లు వచ్చాయి. చెప్పింది, నేను అడగకముందే. ఇంగ్లీషు బాగా వచ్చింది. లెక్కలు ఆ మిడ్‌టర్మ్ దెబ్బకి అంత కాదు గానీ బాగానే గట్టెక్కింది. రఘు దాని తల మీద చేయి పెట్టి కదిపాడు, జుట్టంతా చెరిగేట్టు. అది విసుక్కుంది, కదల్లేదు మాత్రం.

డిసెంబర్ 23

అమ్మ ఫోన్. తెనాల్లో చలి అట. హాసిని కాలేజీలో చేరిందా లేదా, ఇంకా స్కూలేనా, ఒక్క మాట సరిగ్గా చెప్పవే అంది. రెండూ అన్నాను. రెండూ ఎలా అవుతాయే అంది.

జనవరి 5, సోమవారం

కొత్త క్వార్టర్, అంటే కాలేజీలో మూడు నెలల టర్మ్. జియాలజీ మొదలైంది. మొదటిరోజే ఒక రాయి ఇచ్చారట చేతికి, ఆ రాయి వయసు ఎంతో ఊహించమని. ఎవ్వరి అంచనా దగ్గరికి కూడా రాలేదట. రాత్రి చిన్నికి చెప్తుంటే విన్నాను. గొంతు హుషారుగా ఉంది.

రఘు కూడా విన్నాడు. "బానే ఉన్నట్టుంది గదా" అన్నాడు నాతో. ఆ వెంటనే — "క్లాసులు షురువైన వారం లోపల కూడ సీట్లు ఖాళీ అయితయట."

జనవరి 6, మంగళవారం

పొద్దున స్కూల్ ముందు, దించే లైన్లో, మా ముందు ఇంకా నాలుగైదు కార్లు ఉండగా చెప్పింది.

"సీటు వచ్చింది. కెమిస్ట్రీలో. నిన్న సాయంత్రం ఈమెయిల్ వచ్చింది."

వైపర్లు ఆడుతున్నాయి.

"పన్నెండు లోపు యెస్ కొట్టాలి. కొట్టకపోతే నెక్స్ట్ పర్సన్‌కి వెళ్ళిపోతుంది."

"డాడీకి చెప్పావా?"

"లేదు. నీకు చెప్పాను."

తీసుకోమని నోటిదాకా వచ్చింది. వద్దులే అని కూడా వచ్చింది. ముందు కారు కదిలింది, నేనూ కదిలాను.

"నువ్వైతే ఏం చేసేదానివి అమ్మా?"

"నన్నెవరూ అడగలేదే. ఇంటర్ అయ్యాక మా నాన్న బీఎస్సీలో చేర్చాడు, చదివాను. సంబంధం వచ్చింది, బయల్దేరాను. ఏం చేసేదాన్నో నిజంగా తెలీదు."

అది నా వైపు చూసింది. జాలిగా కాదు. కొత్తమనిషిని చూసినట్టు.

"సెప్టెంబర్ దాకా ఆగితే ఏమవుతుంది?"

"ఏమో. ఏమీ కాకపోవచ్చు. కావచ్చు కూడా. డాడీ భయం ఉత్తి భయం కాదు హాసీ. అది మాత్రం నాకు తెలుసు."

"నాకూ తెలుసు."

"ఏది చేసినా నేను డ్రైవ్ చేస్తాను. పొద్దున డ్యూటీ మార్పించుకోవాలంటే మార్పించుకుంటాను."

వెనక కారు హారన్ కొట్టింది. ఇక్కడ ఎవరూ కొట్టరు, అంతసేపు ఆగిపోయామన్నమాట. దిగి, తలుపు వేసి, మళ్ళీ తెరిచి, "బై" చెప్పి వెళ్ళింది.

డే కేర్‌లో పిల్లల్ని పడుకోబెడుతుంటే రఘు మెసేజ్. వెయిట్‌లిస్ట్ సంగతేమైనా తెలిసిందా అని. టైప్ చేశాను, తుడిచాను. మళ్ళీ టైప్ చేశాను — "దాన్నే అడగండి." పంపించాను. చూశాడు. అడిగాడో లేదో.

ఇప్పుడు స్కూల్ ముందు. పన్నెండు దాటింది, అది యెస్ కొట్టిందో లేదో తెలీదు. వాన తగ్గలేదు. డైరీ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకొని రాస్తున్నాను. పక్కసీట్లో టిఫిన్ బాక్స్, దోసకాయ పచ్చడి కలిపిన అన్నం, స్మెల్ రాకుండా మూత గట్టిగా పెట్టాను.

తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు గుంపుగా వస్తున్నారు.

అదుగో. ఎవరితోనో మాట్లాడుతోంది. ఆగింది, ఫోన్ చూసుకుంది, మళ్ళీ నడుస్తోంది. తల మీద హుడ్. ఇక్కడినుంచి మొహం కనపడటం లేదు.